చిన్నాన్న ఉరుముల లెక్క

పోయిన నెల తెలుక్ ఇంటాన్ నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "మీ చిన్నాన్న అలమారుకి సెదలు పట్టినాయి. ఆ తుపాను పుస్తకాలు పట్టుకుపో. నేకపోతే కాల్సేత్తాను" అంది. చిన్నాన్న పోయి ఎనిమిది నెలలు. బతికున్న మనిషితోనే మాట్లాడని ఆవిడ, పోయిన మనిషి పుస్తకాలకి ఎనిమిది నెలలు ఇంట్లో చోటివ్వడమే గొప్ప. మర్నాడే నేనుండే ఇపోలో బస్సెక్కాను. వెళ్లేసరికి రెండు అట్టపెట్టెలు వాకిట్లో పెట్టి ఉన్నాయి. పైవాటి అట్టల్ని చెదలు నమిలేశాయి గానీ, లోపలివి అలాగే ఉన్నాయి, అదే పాత జిగురు వాసనతో.

అమెరికాలో సుడిగాలుల వెంట కార్లేసుకుని తిరిగే పిచ్చివాళ్లు కొందరున్నారు. వాళ్లు తమలో తాము అచ్చేసుకున్న పల్చటి పత్రికలివి. ఇక్కడ మలేసియాలో ఆయిల్ పామ్ తోటలో గెలల లారీ నడిపే మా చిన్నాన్నకి వీటి సంగతి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు. ఓడ మీద మూడు నెలలకి చేరేవి. "ఆలకి ఇల్లెగిరిపోయి, మళ్లీ కట్టుకుని, గృహప్రవేశం కూడా అయిపోయినాక మనకి కబురొత్తాది" అని నవ్వేవాడు. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను చదివి తెలుగులో చెప్పాలి. మబ్బుల వెనక పరుగెత్తడం మనకక్కర్లేదనీ, సాయంత్రం నాలుగయ్యేసరికి మబ్బే మనింటికొస్తుందనీ ఆయన లెక్క. నిజంగానే లెక్క రాసేవాడు కూడా. మెరుపు మెరవగానే ఒకటి, రెండు అని మొదలెట్టి, ఉరుము ఎన్నో అంకెకి వినపడిందో పత్రిక అంచున పెన్సిల్‌తో వేసేవాడు. ముప్పై దాటితే దూరం. ముప్పై లోపలొస్తే తోటలో ఎవరైనా సరే గడ కింద పడేసి షెడ్డుకి పరుగెత్తాలి. గెలలు కోసే గడ అలుమినియంది మరి, ఇంటికంటే పొడుగు. పిన్ని అరటికాయ బజ్జీలు పట్టుకొచ్చి మా పక్కన కూర్చుని, "పెళ్లాం మొకం సూడ్డు గానీ మబ్బు మొకం సూత్తాడు" అనేది. అప్పట్లో ఆ ఇంట్లో నవ్వులుండేవి.

స్కూలు చివరి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్న రోజులవి. నాకు పదిహేడేళ్లు. తోటలో రాలిన పళ్లు ఏరే పనికి వెళ్లేదాన్ని. గెలలు కోసేది పిన్ని తమ్ముడు, నాకు మావ. ఒకనాడు మధ్యాహ్నం కాకముందే సముద్రం వైపునుంచి మబ్బొచ్చింది. దాని కింది అంచు చుట్టిన చాపలా, నున్నగా, ఒక కొసనుంచి ఇంకో కొస దాకా ఉంది. అలాంటిది పత్రికల్లో బొమ్మగా చూడ్డమే. మెరిసింది. మావ తలెత్తి, "ఏటే సదువులమ్మా, ఎంతొచ్చింది?" అనడిగాడు. నేను లెక్కపెట్టింది ఇరవై రెండు. చెప్పింది ముప్పై అయిదు. షెడ్డులోకి పోతే ఆ మబ్బు కనపడదు, అది మా నెత్తి మీదికి వచ్చేదాకా నాకు చూడాలని ఉంది. అంతే. ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని నలభై ఏళ్లు వెతుక్కున్నాను, దొరకలేదు. "అయితే ఈ సెట్టు కూడా కోసేత్తాను" అని మావ గడ ఎత్తాడు.

ఆ తరవాతి మెరుపుకి లెక్క పెట్టాల్సిన పని లేకపోయింది.

పని చేయించే మందోర్ పరుగెత్తుకొచ్చి, ప్రాణం లేని మావని చూసి, గడ దించొద్దని ఎవరు చెప్పారని అరిచాడు. "చిన్నాన్న లెక్క" అన్నాను. లెక్క నేర్పింది ఆయనే కదా. అప్పటికే లారీ దిగి వచ్చిన చిన్నాన్న నా మొహంలోకి చూశాడు. "అవును. ఈ మబ్బు ఇటు రాదని పొద్దున్న నానే సెప్పినాను" అన్నాడు. ఎవరైనా గట్టిగా అడిగితే చెప్పేద్దును అని తరవాత చాలాసార్లు అనుకున్నాను. ఎవరూ అడగలేదు. పిన్ని ఆయనకి వేళకి అన్నం పెట్టింది, బట్టలుతికింది, మాట మాత్రం మానేసింది. ఉప్పు కావాలేమోనని కూడా పిల్లల చేతే అడిగించేది. ఆయన పత్రిక తెప్పించడం మానేశాడు. నేను టీచరునై ఇపో వెళ్లిపోయాను. ఎప్పుడొచ్చినా ఆయన ఆ రోజు మాట ఎత్తలేదు, ఇపోలో వానలెలా ఉన్నాయనే అడిగేవాడు. పిరికిదాన్ని, వానల గురించే చెప్పి బస్సెక్కేదాన్ని.

రెండో పెట్టె అడుగున చివరి సంచిక దొరికింది. అంచున ఆయన గుండ్రటి అక్షరాలు: "మిల్లు రోడ్డు. బావమరిది పోయిన రోజు. 22." అంటే లారీలో కూర్చుని ఆయనా లెక్కపెట్టాడు. నా అబద్ధం ఆయనకి మొదటినుంచీ తెలుసు.

పిన్ని వంటింట్లో కింద కూర్చుని ఎండు నెత్తళ్ల తలలు తుంచుతోంది. ఎదురుగా కూర్చుని, "పిన్నీ, ఆ రోజు మావకి చెప్పింది చిన్నాన్న కాదు, నేను" అన్నాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎంతొచ్చింది?"

"ఇరవై రెండు."

"ఎంతని సెప్పినావు?"

"ముప్పై అయిదు."

"ఆయనకి తెల్సా?"

పుస్తకం చూపించాను. పిన్నికి చదువు రాదు, అంకెలొచ్చు. ఆ రెండు రెళ్ల మీదా వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. "ఆస్పత్రిలో ఆకరి దినం మంచినీళ్లడిగినాడు" అంది. "నాను పట్టలేదు. గళాసు నర్సు సేతికిచ్చి బయటికొచ్చీసినాను."

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కిటికీ లోంచి తెల్లగా మెరిసింది, సాయంత్రం మబ్బు వేళకే వచ్చింది. పిన్ని పెదాలు కదిలాయి. ఎన్నడూ లెక్కపెట్టని మనిషి ఒకటి, రెండు, మూడు అంటోంది. తొమ్మిదికి ఉరిమింది. లేచి తీగ మీది బట్టలు తీసుకొచ్చి, తడి చేతులు చీరకి తుడుచుకుని, "పుస్తకాలు ఇక్కడుంచీసి నువ్వెల్లు" అంది.

ఖాళీ చేతులతో బస్సెక్కాను. ముప్పై దాటితే భయం లేదని చిన్నాన్న లెక్క. నలభై ఏళ్లు దాటాక వచ్చే ఉరుము సంగతి ఆ పత్రికల్లో ఎక్కడా రాసి లేదు.