ఓర్లీనా చెప్పిన దొంగపేర్లు

మా కెంటకీ కొండల్లో వేర్లు తవ్వుకుని బతికేవాళ్లు కొత్తవాళ్లకి మొక్క అసలు పేరు చెప్పరు. పేరు తెలిస్తే గుర్తు దొరుకుతుంది, మర్నాటికి చోటు బోడి అవుతుంది. ఓర్లీనా హాల్కూంబ్‌కి ఏడేళ్లప్పుడే తండ్రి ఇది నేర్పాడు.

నలభై ఏళ్ల కిందట పట్నం నుంచి ఒకాయన నోటుపుస్తకంతో వచ్చాడు. ప్రతి మొక్కకీ బొమ్మ గీసి, దానికా పేరు ఎందుకొచ్చిందని అడిగాడు. ఓర్లీనా ఆయనకి మొక్కజొన్న రొట్టె పెట్టి, పేర్లన్నీ అబద్ధం చెప్పింది, కథలతో సహా. ఆయన పోయేవరకూ ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపాడు. ఆమె వాటిని పారెయ్యలేదు, గోడకీ పెట్టలేదు.

పోయిన వసంతంలో లైబ్రరీలో పనిచేసే వెర్డీ ఆ నోటుపుస్తకం అచ్చు వేయిస్తానని చిత్తుప్రతి తెచ్చింది. ఓర్లీనాకి చూపు ఆనదు కనక పక్కింట్లో ఉండే నేను చదివి వినిపించాను. రెండో పేజీలోనే ఆపమంది.

"నీలిగింజ వేరుకి జలుబాకు అని చెప్పాను. అది కడుపు పోగొట్టే వేరు. కడుపుతో ఉన్న పిల్ల ఎవత్తయినా ఇది చదివి కాచుకు తాగితే?"

అసలు పేర్లు చెప్పమంటే, చేత్తో ముట్టుకోకుండా చెప్పనంది. మూడు రోజులు ఆమెని అడవిలో తిప్పాం. ఎనభై ఒక్క ఏళ్ల మోకాళ్లు. ఆకు నలిపి, వాసన చూసి చెప్పేది. తుంచితే ఎర్రటి రసం కారేది రక్తపు వేరు. ఆకురాలు కాలంలో ఎండుకాయలు గాలికి మోగేది గలగల వేరు. ఇంత తేలిక పేర్లకా ఇంత దాపరికం అని వెర్డీ దెప్పింది. దాచింది పేరు కాదు, మా పొయ్యిలో పిల్లి లేచే దారి అంది ఓర్లీనా.

చివరి మొక్క దగ్గర ఆమె కింద కూర్చుని ఆకుని మళ్లీ మళ్లీ నలిపి వాసన చూసింది. రెండు రెక్కల్లా విచ్చిన ఆకు.

"రెండు పేర్లు గుర్తొస్తున్నాయి. ఒకటి మా అమ్మమ్మది, ఒకటి నేను అల్లింది. ఏది ఏదో తెలీడంలేదు."

అడగడానికి ఆ కాలంవాళ్లు ఎవరూ మిగల్లేదు. నాకూ వెర్డీకీ కాళ్లు లాగుతున్నాయి.

"ఏదో ఒకటి రాసేద్దాం అత్తా, ఎవరికి తెలుస్తుంది?" అంది వెర్డీ.

"నేనూ అప్పుడు అదే అనుకున్నానే. ఆ బొమ్మ కింద ఖాళీ వదిలెయ్."

తరవాత లేవదియ్యమని చేతులు చాచింది. లేపడానికి ఇద్దరం కావలసొచ్చింది.