స్పెయిను వీరుడికి నీళ్లిచ్చిన అవ్వ

ఆ రోజుల్లో ఇంగ్లీషు ముక్క వచ్చినవాడి నడకే వేరుగా ఉండేది. నేనూ అలాగే నడిచేవాణ్ణి. ధాత సంవత్సరపు కరువు గడిచి, ఊళ్లు ఇంకా ఒళ్లు కూడగట్టుకుంటున్న కాలం. ఉదయగిరి మొత్తానికి ఇంగ్లీషు పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన కుర్రవాణ్ణి నేనొక్కణ్ణేనని నా నమ్మకం (విచారించినవాళ్లు లేరు కనుక ఆ నమ్మకానికి ఢోకా లేకపోయింది). అది మా మిషను బడి దొరసానిగారు ఇచ్చిన పుస్తకం, స్పెయిను దేశపు పాత వీరగాథకు ఇంగ్లీషు. దాని పేరు పలకబోతే ఇప్పటికీ నాలుక మడత పడుతుంది, కథ మాత్రం సుళువే. చాడీలు నమ్మి రాజు ఒక వీరుణ్ణి దేశం నుంచి వెళ్లగొడతాడు. అతనికి కూడూ నీడా ఇచ్చినవాళ్లకు శిక్ష తప్పదని చాటిస్తాడు. సొంత ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోదు. అతను పరాయి నేలలు గెలిచి, చివరికి ఆ రాజు చేతనే మర్యాద పొందుతాడు. ఇప్పుడు ఆ కావ్యాన్ని తెలుగులో అచ్చువేస్తూ, కొత్త పాఠకులకు పరిచయం రాయమని నన్నడిగారు. రాయబోతే వీరుడి కంటే ముందు మా బావ మనసులోకి వచ్చి కూర్చున్నాడు.

బావ మా మేనత్త కొడుకు, ఆత్మకూరు మనిషి. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. పాదిరి దొరగారు తెలుగులో ప్రసంగిస్తే, ఆ తెలుగును జనం తెలుగులోకి మార్చి చెప్పడం ఆయన పని. అక్కడి బడికి రెండో అయ్యవారు కావలసి వచ్చినప్పుడు, పెద్ద అయ్యవారు నాకు కబురు చేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురి ముందూ ఏదైనా చదవాలి, ఊరు మెచ్చితే ఆ పని నాది. మెచ్చకపోతే మర్రిపాడు మిట్టల్లో నాయన గొర్రెల వెనక కర్ర పట్టుకుని తిరగాలి. స్పెయిను పుస్తకాన్ని చంకన పెట్టుకుని బండెక్కాను.

బడి పంచలో జనం కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని ఇంగ్లీషు దంచాను. ముందు వరసలో ఉన్న ఒక ముసలాయన ఓపిగ్గా విని, "బాగుండాది. అర్థం చెప్పేవాళ్లు యాడ?" అన్నాడు. మా వైపు ఏ పుస్తకమైనా చదివేవాడొకడు, అర్థం చెప్పేవాడొకడు. పురాణానికీ అంతే, బైబిలుకూ అంతే. రెండూ ఒకడే చేస్తే దాన్ని సణుగుడు కింద జమకడతారు. బావను లేపి నా పక్కన నిలబెట్టారు. నేను పేజీ చదివి, ఆయన చెవిలో సారం ఊదాను: "రాజు వెళ్లగొట్టాడు. ఎవరూ తలుపు తీయలేదు."

బావ అందుకున్నాడు. వీధి వీధీ తిప్పి, తలుపు తలుపూ కొట్టించి, వీరుణ్ణి ఊరి చివరి గుడిసె ముందు నిలిపాడు. అందులోంచి ఒక అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. "రాజు నిన్ను శిక్షిస్తాడే అవ్వా" అన్నాడు వీరుడు. "ముందు తాగు నాయనా. రాజైనా దప్పికైతే చెంబు అడగాల్సిందే గదా" అన్నదట అవ్వ. జనం కళ్లు తుడుచుకున్నారు. కరువులో ఊళ్లు పట్టుకుని పోయి, మూసిన తలుపులు చూసినవాళ్లే సగం మంది. అందరూ లేచి బావ చుట్టూ మూగారు. నా చుట్టూ ఈగలు మూగాయి.

"బావా, పుస్తకంలో అవ్వ లేదే."

"ఎవురూ తలుపు తియ్యలేదని నువ్వే చెప్తివి గదరా. అంత ఊర్లో ఒక్క అవ్వన్నా ఉండదా?"

ఆత్మకూరులో ఉన్నానే గానీ ఆత్మ కుదురుగా లేదు. అత్త వడ్డించిన పులుసు చేదుగా తగిలింది. ఆ కావ్యంలో వీరుడి మీద చాడీలు చెప్పిన దర్బారు వాళ్ల మీద నాకు మొదటిసారి జాలి పుట్టింది, పాపం వాళ్ల బాధ ఏమిటోనని. మర్నాడే పెద్ద అయ్యవారి దగ్గరికి పోయి, "వచ్చే ఆదివారం మిగతా కథకు అర్థం నేనే చెబుతానండీ, బావను చదవమనండి" అన్నాను. ఇంగ్లీషు అక్షరం రానివాడు ఎలా చదువుతాడో ఊరే చూస్తుందని నా ఎత్తు.

మరుసటి ఆదివారం బావ పుస్తకం అందుకున్నాడు, పైగుడ్డతో తుడిచాడు, మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి దొరగారి పక్కన నిలబడినవాడాయె. అదే ముక్కు, అదే దగ్గు, అదే విరుపు. అందులో ఏ భాషకు చెందిన మాటా లేదు. జనం తలలూపారు. "పోయిన వారం ఆ పిల్లోడి కంటే ఈయన ఇంగ్లీషు గట్టిగా ఉండాది" అన్నారు ఎవరో. నేను పళ్లు బిగించి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అర్థం చెప్పాను. ముసలాయన చెయ్యెత్తాడు.

"అదంతా సరేనయ్యా. అవ్వను రాజు ఏం చేసినాడు?"

"పుస్తకంలో అవ్వ లేదు తాతా."

"పోయినవారం ఉండె గదా. ఈపొద్దు యాడికి పోయింది?"

"అసలు లేదు."

"ఇంతమందిమి విన్న్యాం. అందరికీ చెవుడా?"

వెనకనించి ఒకామె జాలిగా అంది: "పిల్లోడికి ఇంగ్లీషు ఇంకా పట్టుబడినట్టు లేదు. చదువుకో నాయనా, వయసుండాది."

నా మొహం చూసి బావ గబగబా కాగితాలు తిప్పాడు. "ఉండాది, ఉండాది. పేజీలు రెండు అంటుకుని ఉండాయి, మా బామ్మర్ది తప్పేంలేదు" అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు. రాజు మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే, ఆ అవ్వ గుడిసె జోలికి ఎవరూ పోకూడదని వీరుడు కోరుకున్నట్టు చెప్పి ముగించాడు. నన్ను కాపాడినందుకు బావ మీద నాకు ఇంకా మండింది.

"నీకు ఇంగ్లీషు వచ్చునని నాకు తెలుసు అబ్బాయ్. ఊరిని ఒప్పించేదెట్ట?" అన్నారు పెద్ద అయ్యవారు. పని బావకు పోయింది. నేను మర్రిపాడు మిట్టలకు పోయాను. గొర్రెలు మాత్రం నా ఇంగ్లీషును శంకించలేదు. తర్వాత వేరే ఊళ్లో వేరే బడి దొరికింది, అది వేరే సంగతి.

బావ ఇప్పుడు లేడు. పరిచయం రాసి అచ్చుకు పంపించాను. మొన్న అచ్చుకూటం ఆయన ఆ కాగితాలు పట్టుకుని వచ్చి, "మీరు పరిచయంలో రాసిన ఈ నీళ్లిచ్చిన అవ్వ కావ్యంలో ఏ పేజీలో ఉందండీ? ఎంత వెతికినా దొరకలేదు" అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని చూసుకున్నాను. నా దస్తూరీలోనే ఉంది, చెంబుతో సహా. ఇన్నేళ్లకు మళ్లీ బావే గెలిచాడు. "కొట్టెయ్యండి" అన్నాను కోపంగా. ఆయన మెట్లు దిగుతుంటే మళ్లీ పిలిచాను.

"ఉండనివ్వండి. పేజీలు రెండు అంటుకుని ఉంటాయి, సరిగా చూడండి."