దమ్ము తీసుకునే జాగలు

2012లో కామారెడ్డి బస్టాండు వెనక సందులో నాకు డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, సంవత్సరీకానికి పంచే భజన పుస్తకాలు, ఏది వచ్చినా చేసేవాణ్ణి. ఫాంట్లు కలవని ఫైళ్లు తెచ్చి నా ప్రాణం తోడే గిరాకీలే ఎక్కువ.

అందుకే ఎల్లారెడ్డి నుంచి సుజాత తెచ్చిన పెన్‌డ్రైవ్ తెరవగానే ముచ్చటేసింది. ఆమె భర్త కంప్యూటర్ ఆపరేటర్, భజన మండలిలో ముందుండి పాడేవాడు. సొంతంగా కట్టిన పాటలన్నీ ప్లెయిన్ టెక్స్ట్‌లో, అంటే ఏ హంగూ లేని ఉత్త అక్షరాల్లో, రాసిపెట్టుకున్నాడు. శీర్షిక ముందు హ్యాష్, పల్లవి బోల్డ్‌గా రావడానికి దానికి అటూ ఇటూ స్టార్ గుర్తులు. దీన్ని మార్కప్ అంటారు. కన్వర్టర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తులను చదివి ఫైలును వర్డ్‌లోకో పీడీఎఫ్‌లోకో మారుస్తుంది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాడు ఆ పాటలను పుస్తకంగా పంచాలని ఆమె ఆశ.

ఒక్క కమాండ్‌తో పుస్తకం తయారైంది. గర్వంగా ప్రూఫ్ చేతికిచ్చాను. సన్నగా పాడుకుంటూ చదివిన సుజాత రెండో పాట దగ్గర ఆగిపోయింది.

"గిది ఆయన పాట గాదన్నా."

"ఒక్క అక్షరం పోలే చెల్లె, సూడు."

"అక్షరాలు ఉన్నయి. ఆయన దమ్ము తీస్కునే జాగలు పోయినయి. గా ఖాళీలు సూసుకుంటనే నేను ఎనుక పాడుతుంటి."

ఫైలు తెరిచి చూస్తే నిజమే. పాదాల మధ్య అక్కడక్కడా కావాలని ఖాళీ వదిలాడు. కన్వర్టర్‌కు ఎంత ఖాళీ అయినా ఒకటే. అన్నీ మింగేసి, పంక్తులు కలిపేసి, పాటను పేరాగా మార్చింది.

"రికార్డింగ్ ఏమన్న ఉన్నదా?"

"ఎవలం జెయ్యలే. రోజు పాడేటోడే గదా అనుకుంటిమి."

మళ్లీ ఫైలు ముందు కూర్చున్నాను. పాటపాటకూ పైనా కిందా, లోపలిది ఉన్నదున్నట్టు ఉంచమని చెప్పే గుర్తు పెట్టాను. అలా పెడితే స్టార్లు పనిచేయవు, కాబట్టి పల్లవులను నేనే బోల్డ్ చేశాను. రెండో ప్రూఫ్‌లో ఖాళీ వచ్చిన ప్రతిచోటా సుజాత కళ్లు మూసుకుని ఆగి, మళ్లీ అందుకుంది.

చివరి పాట ఆయన పూర్తిచేయలేదు. సగం పేజీ ఖాళీ. మా పనిలో అలా వదలం, పువ్వు బొమ్మో దీపమో పెడతాం. నేనూ తామర పువ్వు పెట్టాను.

"తీసెయ్యన్నా," అంది. "ఇంక దమ్ము తీస్కుంటనే ఉన్నడనుకుంట."

తీసేశాను. ఆ తర్వాత ఎవరి పుస్తకంలో ఖాళీ కనబడినా అడగకుండా నింపలేదు.