భీమిలికి రెండు బాక్సులు

మా సిరి మూడో తరగతి చదువుతోంది. పోయిన నెల బడిలో "మా ఇంట్లో భోజనం" అని బొమ్మ వేసుకు రమ్మన్నారు. నోట్సు నా సంతకానికి వచ్చినప్పుడు చూశాను. చాప మీద వాళ్ల నాన్న, పక్కన రెండు జడలతో తను, ముందు రెండు కంచాలు. నేను మూలన స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాను, వీపు మాత్రమే కనిపిస్తోంది. జడ మాత్రం నాకున్నదాని కంటే పొడుగ్గా వేసింది, అందుకు సంతోషం. "నన్నెందుకే అటు తిప్పి నిలబెట్టావ్?" అని అడిగాను. "నువ్వు కూర్చోవు కదమ్మా" అంది, తెలిసిన సంగతే ఎందుకు అడుగుతున్నానన్నట్టు చూస్తూ. "కూర్చుంటే మళ్లీ లేవాలి కదే" అనేశాను. అన్నాను గానీ, సంతకం పెట్టడానికి కాసేపు పట్టింది.

మాది గాజువాక. మా ఆయన పాలకొల్లు వైపు నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగంలో కుదురుకున్నారు. నేను విజయనగరం అవతల రైతుల ఇంటి పిల్లని, ఇక్కడే ఒక రక్తపరీక్షల సెంటర్లో కౌంటర్ చూస్తాను. షిఫ్టుల ఇంట్లో భోజనానికి ఒక వేళంటూ ఉండదు. పొద్దుటి షిఫ్టయితే ఆయన తెల్లారకుండా వెళ్లి మూడింటికి వచ్చి తింటారు. మధ్యాహ్నం షిఫ్టయితే పన్నెండింటికే తిని, రెండో పూటకి క్యారేజీ పట్టుకుపోతారు. సిరికి బడి బాక్సు. మరి నాకు? ఎవరికి పెట్టడం అయితే వాళ్ల గిన్నె అడుగున మిగిలినదే నాకు, అదీ నిలబడి. ఇదేమీ ఫిర్యాదు కాదు. మా వీధిలో ప్లాంటు వాళ్ల ఇళ్లన్నీ ఇంతే, ఎవరిని కదిపినా ఇదే చెబుతారు. కానీ ఆ బొమ్మ చూశాక నాకు మనసు ఒప్పలేదు. ఒక్క పూటైనా మీ ఇద్దరితో కూర్చుని తింటాను, అప్పుడు ఇంకో బొమ్మ వేద్దువుగాని అని సిరికి మాటిచ్చాను. ఇంట్లో అయితే కుక్కర్ పిలుస్తుంది, కాలింగ్ బెల్ పిలుస్తుంది. అందుకని భీమిలి వెళ్లి తిందామనుకున్నాం.

ఆయన ఆఫ్, నా సెలవు, పాప బడి సెలవు ఒకే రోజు పడటం మా ఇంట్లో గ్రహణం లాంటిది, ఎప్పుడో గానీ రాదు. ఈసారి మా ఆయన తనతో పనిచేసే అతన్ని బతిమాలి డ్యూటీ మార్చుకుంటే ఒక ఆదివారం దొరికింది. ఆ రోజు నాలుగున్నరకే లేచి పులిహోర కలిపాను, పెరుగన్నం చేశాను, బంగాళదుంపలు వేయించాను. ఆరింటికి వాళ్లిద్దరికీ ఇడ్లీ పెట్టి, బాక్సులు సర్ది, ఏడింటికల్లా బస్టాపులో నిలబెట్టాను. సంచీ మా ఆయన భుజాన వేసుకుంటూ "తేలిగ్గానే ఉందే" అన్నారు. "మోయడానికి తేలికగా ఉంటే అదీ తప్పేనా?" అన్నాను. ఆయన వెంటనే బస్సు వచ్చే వైపు తిరిగిపోయారు. పదకొండేళ్ల కాపురంలో అంత మాత్రం నేర్చుకున్నారు.

గాజువాక నుంచి తగరపువలస దాకా ఒకే బస్సులో వెళ్లిపోవచ్చు. నంబర్లు మారుతుంటాయి, బోర్డు చూసి ఎక్కడమే మంచిది. ఆదివారం పొద్దున్న కాబట్టి ముగ్గురికీ సీట్లు దొరికాయి. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సులో టికెట్ లేదు గనక ఆధార్ కార్డు మరిచిపోకండి. నేను రెండు కార్డులూ చూపించగానే కండక్టర్ మా ఆయన వైపు తిరిగాడు. "ఆలిద్దరికీ ఫ్రీ బాబూ. మీరొక్కరే ఇయ్యాల. సిల్లర ఉంటే తియ్యండి." అరవై చిల్లర ఇచ్చి టికెట్ తీసుకుంటూ "ఇంట్లో ఆడాళ్లిద్దరినీ మోస్తున్నది నేనే అని గవర్నమెంటుకి కూడా తెలిసిపోయిందండీ, ఆయ్" అన్నారు మా ఆయన. కండక్టర్ నవ్వుకుంటూ ముందుకు వెళ్లిపోయాడు.

ఎన్ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ దాటేసరికి ఎనిమిదింబావు. ఊరు పలచబడి కొండలు దగ్గరికొస్తాయి. ఆనందపురం జంక్షన్లో పూల మూటలు దించుతున్నారు. బంతిపూల వాసన బస్సు లోపలికే వచ్చింది. సిరి అంతసేపూ కిటికీకి ముక్కు ఆనించే ఉంది. నాకు మాత్రం ఒళ్లో చేతులు పెట్టుకుని ఏ పనీ లేకుండా కూర్చోవడం కొత్తగా అనిపించి, ఉన్న ఒక్క రుమాలునీ మూడుసార్లు మడతపెట్టాను.

పావు తక్కువ తొమ్మిదికి తగరపువలసలో దిగాం. అక్కడి నుంచి భీమిలికి షేర్ ఆటోలు ఎప్పుడూ ఉంటాయి, పావుగంట ప్రయాణం. "మడిసికి ఇరవై" అన్నాడు ఆటో అతను. "పాపకి కూడానా?" అన్నాను. "పాప నీ ఒళ్లో కూకుంటే ఊరికే అమ్మా. సీట్లో కూకుంటే ఇరవై." సిరి అప్పటికే సీట్లో సర్దుకుని కూర్చుంది. "నేను పెద్దదాన్ని, సీట్లోనే కూర్చుంటా" అంది. "సూసేవా తల్లీ, పాప నా పార్టీ" అని అతను బండి స్టార్ట్ చేశాడు.

భీమిలి గురించి కొత్తగా చెప్పేదేముంది, అయినా పిల్లలతో వెళ్లేవాళ్లకి రెండు మాటలు. తొమ్మిదిన్నరకి ముందే చేరితే ఇసుక కాలదు. ఒడ్డున పడవలు, ఎండేసిన వలలు, పొట్టి లైట్‌హౌసు, పాత డచ్చి సమాధులు, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ నడక దూరమే. నీళ్లు మాత్రం లోపలికి లాగుతాయి. పాదాలు తడుపుకోండి చాలు, స్నానాల జోలికి పోకండి. సిరి గవ్వలు ఏరింది, వాళ్ల నాన్న ఇసుకలో ప్లాంటు కట్టారు, పొగ గొట్టంతో సహా. నేను కూడా చెప్పులు విడిచి అలల్లో నిలబడ్డాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పెళ్లికి ముందు ఇలా నిలబడినప్పుడు ఏమేం అనుకునేదాన్నో గుర్తు చేసుకోబోయాను గానీ, రేపు ఇడ్లీ పిండికి పప్పు నానబోయాలన్న సంగతి ముందు గుర్తొచ్చింది.

పన్నెండింటికి ఆకలేస్తోందని సిరి చెయ్యి పట్టి లాగింది. ఒడ్డుకి కాస్త ఇవతల, రేకుల షెడ్డు హోటల్ పక్కన నీడ చూసుకుని దుప్పటి పరిచాం. "అమ్మా, నువ్వు మధ్యలో కూర్చో" అని సిరి నా భుజాలు పట్టుకుని కూర్చోబెట్టేసింది. సంచీ తెరిచాను. మా ఆయన షిఫ్టు క్యారేజీ తీశాను. సిరి గులాబీ బాక్సు తీశాను. మళ్లీ చెయ్యి పెట్టాను. నీళ్ల సీసా, రుమాలు, దువ్వెన. అంతే.

పొద్దున్న చేతులు వాటి అలవాటు ప్రకారం పనిచేసుకుపోయాయి. పెద్దది ఆయనకి, కారం తగ్గించి చిన్నది పాపకి. బాణలి అడుగున మిగిలిన నాలుగు ముద్దల పులిహోర, పెరుగన్నం గిన్నె గీకగా వచ్చింది, గట్టు దగ్గరే నిలబడి తినేశాను, గిన్నెలు కూడా తోమేశాను. ముగ్గురం కూర్చుని తినడానికి నలభై కిలోమీటర్ల పైన ప్రయాణం పెట్టుకుని, ఇద్దరికే సర్దుకొచ్చాను.

"అమ్మా, నీ బాక్సేది?"

"నాకు ఆకలి లేదులే నాన్నా. మీరు తినండి, నేను పెడతాను." ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

సిరి నా మొహం చూసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "రోజూ అదే అంటావు" అని, తన బాక్సు మూత మళ్లీ పెట్టేసి, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది. "నేనూ తినను."

"పంచుకుందాం రా సిరీ, ముగ్గురికీ సరిపోతుంది" అన్నారు మా ఆయన. "పంచేది అమ్మే కదా. మనకి పెట్టి తను తినదు" అంది. నాకు కళ్లు మండాయి. ఇసుక పడిందని చెప్పుకున్నా ఎవరూ నమ్మేట్టు లేరు. మా ఆయన సంచీ భుజాన వేసుకుని లేచి, "పదండి, ఆ హోటల్లో అడుగుదాం" అన్నారు.

షెడ్డులో ఒకావిడే ఉన్నారు. పేరు అప్పలనరసమ్మ అని తర్వాత చెప్పారు. యాభై దాటి ఉంటాయి, చీర కొంగు నడుముకి బిగించి పులుసు కలుపుతున్నారు. "రండి తల్లీ, బోయినమా? సందువ సేప పులుసు ఉంది, అన్నం ఇప్పుడే వార్సేను. ప్లేటు నూటిరవై." ఒక్క ప్లేటు చాలని, మా బాక్సులు ఇక్కడే తినొచ్చా అని అడిగాను. "తినీండి. బెంచీలు ఖాళీయే కదేటి" అన్నారు. వాళ్లిద్దరూ కూర్చున్నారు. ఆవిడ ఒక్కరే అన్నీ చూసుకుంటున్నారని నేను ఊరుకోలేక వెళ్లి అన్నం గరిటె అందుకున్నాను. ఆవిడ గిర్రున తిరిగారు.

"ఏటి సేత్తన్నావ్? నా గరిటె నాకిచ్చీ! నువ్వెళ్లి కూకో."

"పర్లేదమ్మా, నాను పెట్టుకుంటాను" అన్నాను. గాజువాక కౌంటర్లో పదేళ్లుగా రాని మా ఊరి "నాను" అక్కడ దొర్లింది. "ఓలమ్మా, మన పిల్లవేనేటి! అయితే ఇంకా ముందు కూకో" అని గరిటె లాక్కున్నారు. వెనక సిరి కిసుక్కున నవ్వింది.

కూర్చున్నాను. పొగలు కక్కే అన్నం, చింతపండు పులుపు దట్టించిన పులుసు, చేప ముక్క చెయ్యంత. ఇంకొకరు వండి, ఇంకొకరు వడ్డించగా వేడివేడిగా తిని ఎన్నాళ్లయిందో! రెండో ముద్దకే నాకు ఏడుపొచ్చినంత పనైంది. సిరి మూత తీసింది. తన పులిహోర నా కంచంలో పెట్టింది, వాళ్ల నాన్న బంగాళదుంపలు వేశారు. ముగ్గురం మోచేతులు తగులుతూ ఒకే బెంచీ మీద కూర్చుని తిన్నాం. మధ్యలో రెండుసార్లు లేవబోయాను, ఒకసారి నీళ్లకి, ఒకసారి ఉప్పుకి. రెండుసార్లూ సిరి నా కొంగు పట్టుకుంది.

"మీరెప్పుడు తింటారమ్మా?" అని అప్పలనరసమ్మని అడిగాను.

"నానా?" అని నవ్వేశారు. "అందరూ ఎల్లిపోయేక పొయ్యికాడే నాలుగు మెతుకులు. కూకుంటే మళ్లీ లెగాల కదా."

సిరి తినడం ఆపి నా వైపు చూసింది. మా ఆయన కూడా చూశారు. నేనెవరినీ చూడలేకపోయాను. తర్వాత మా ఆయన లేచి చెయ్యి కడుక్కుని, తన క్యారేజీలో ముట్టుకోని గిన్నె విప్పి, "మీరిలా కూర్చోండమ్మా. మా ఆవిడ పులిహోర రుచి చూడండి, ఆయ్. నేను పెడతాను" అన్నారు. ఆవిడ వద్దు బాబూ వద్దు బాబూ అంటూనే చెయ్యి తుడుచుకుని, మా ఎదురు బెంచీ చివర కూర్చున్నారు, ఎవరైనా లేపేస్తారేమోనన్నట్టు. అప్పుడే ఇద్దరు మనుషులు భోజనానికి వచ్చారు. ఆవిడ సగం లేచారు. "పది నిమిషాలు ఆగండంకుల్, మామ్మ తింటున్నారు" అంది సిరి. వాళ్లు బయటికెళ్లి సిగరెట్టు వెలిగించుకున్నారు. "పులుపు సాల్లేదు గాని బాగుంది" అన్నారు అప్పలనరసమ్మ, రెండోసారి పెట్టించుకుంటూ. ఒడ్డుకి వెళ్లేవాళ్లకి గట్టిగా చెబుతున్నాను, ఆ పులుసు కోసమైనా వెళ్లండి. పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య అయితే చేప దొరుకుతుంది.

మూడింటికి బీచ్ రోడ్డు మీదుగా సిటీకి వెళ్లే బస్సెక్కాం. వచ్చిన దారి కంటే ఇదే నయం, ఎడమవైపు సీటు పట్టుకుంటే రుషికొండ దాకా సముద్రం వెంటే ఉంటుంది. సిరి నా భుజం మీద నిద్రపోయింది. సిటీలో గాజువాక బస్సు మారి, ఆరున్నరకి ఇల్లు చేరాం. ముగ్గురికీ కలిపి ఖర్చు మూడొందల యాభై దాటలేదు. చెప్పులు విప్పకుండానే సిరి నోట్సు తీసి కూర్చుంది. ఈసారి బొమ్మలో బెంచీ మీద నలుగురున్నారు. నా మొహం కనిపిస్తోంది, నోరు కాస్త ఎక్కువే తెరిచి ఉంది. స్టవ్ కూడా వేసింది, మంట కూడా వేసింది, దాని దగ్గర మాత్రం ఎవరూ లేరు.

ఒక్క ఆదివారంతో అలవాట్లు మారిపోయాయని చెబితే మా వీధి వాళ్లే నవ్వుతారు. సోమవారం మళ్లీ నిలబడే తిన్నాను. మంగళవారం కంచం కడుగుతుంటే భీమిలిలో ఆ పొయ్యి దగ్గరి మనిషి గుర్తొచ్చి, మా ఆయన భోజనానికి వచ్చే దాకా ఆగి, పక్కన కూర్చున్నాను. మూడుసార్లు లేచాను, కానీ మూడుసార్లూ తిరిగొచ్చి కూర్చున్నాను. సంతోషం కోసం దూరం పోవాలా అంటే పోనక్కర్లేదనే చెబుతాను. కానీ ఇంట్లో నేనెక్కడ నిలబడి ఉన్నానో నాకు కనబడటానికి మాత్రం అంత దూరం వెళ్లాల్సి వచ్చింది. ఇక బయలుదేరే అమ్మలకి నేను చెప్పగలిగిన ఒకే ఒక్క సలహా: తాళం వేసే ముందు సంచీ విప్పి బాక్సులు ఒకసారి లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే, అది ఎవరిదో ఎవరినీ అడగక్కర్లేదు.