రన్‌వే మీద నా స్కూటీ

మాది సిరిసిల్ల. నలభై ఏండ్లకు స్కూటీ నేర్చుకుంటనంటే, మా ఆయన నన్ను విమానాలు దిగుడు ఎప్పుడో బందైన ఒక పాత విమానాశ్రయానికి తీస్కపోయిండు. "గీడ గుద్దుదామన్నా మనిషి దొరకడు" అన్నడు.

గా రోజే విమానాశ్రయం మళ్ల తెరుద్దామని ఆఫీసర్లు వచ్చి రన్‌వే కొలుస్తున్నరు. అడ్డంగ పట్టిన టేపు దగ్గరికి పోయేదాక నాకు కనవడలే.

"బ్రేకు వట్టు!" అని మా ఆయన ఒర్లిండు. నేను కంగారుల రేజ్ పెంచిన. టేపు హ్యాండిల్‌కు చిక్కింది. దాన్ని ఇడువకుండ ఒక ఆఫీసరు నా ఎనుక ఉరికిండు. ఆఖరికి గడ్డిల వడ్డ.

ఆఫీసరు ఆయాసపడుకుంట వచ్చిండు. తిడ్తడేమో అనుకున్న.

"దెబ్బ తాకిందా అమ్మా?"

"లేదు సార్. గనీ గీ రన్‌వేకు మూడు పెద్ద గుంతలున్నయి."

ఆయన నవ్వలే. జేబుల నుంచి పెన్ను తీసిండు. "ఎక్కడెక్కడ?" అన్నడు.

నా డ్రైవింగు ఒకలకు పనికొచ్చింది గా ఒక్కనాడే.