పసుపు మరక ఉంటే నైబర్

నా చిన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున సరిగ్గా పది గంటలకు, రేవు పక్క రాయపురంలో మా ఒంటిగది ఇంట్లో, నాకు చదవడం రాదని తేలిపోయింది. అదంతా నిన్న మళ్ళీ గుర్తొచ్చింది. మనవరాలు పరీక్ష కోసం ఇంగ్లీషు మాటలు రాసిన అట్టముక్కలు నేలంతా పరుచుకుంటే, ఆ కొత్త అట్ట వాసనకు నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. వాకిట్లోకి, మళ్ళీ లోపలికి తిరుగుతూనే ఉన్నాను.

మా కాలంలో అట్టలంటే సబ్బుపెట్టెలు కత్తిరించినవి. వేసవి ఉక్కలో, రేవు నుంచి ఉప్పుగాలీ, ఎండుచేపల కంపూ, ఐసుబండ్ల గడగడా ఇంట్లోకి దూరుతుంటే, అమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసేది, అన్నయ్య ఆ పక్కనే బోర్లా పడుకుని మాటలు బట్టీ పట్టేవాడు. నేను అట్ట చూపిస్తే వాడు చదవాలి. నాకు అక్షరం రాదు. అయినా వినీ వినీ, పసుపు మరకది ‘నైబర్’ అనీ, పొలుసు అంటుకున్నది ‘ఎలిఫెంట్’ అనీ, మూల చిరిగింది ‘అంబ్రెల్లా’ అనీ వాడికంటే ముందే అరిచేదాన్ని. చదవడమంటే అదేననుకున్నాను.

హార్బరులో మూటలు మోసొచ్చే నాయన అది విని మురిసిపోయాడు. “ఆదివారం టీచరమ్మ వస్తాది. ఆమె ముందర చదివేస్తే దీన్నీ బడికేస్తా. లేదంటే వాళ్ళమ్మతో మార్కెట్టుకే” అన్నాడు. ఆ వారమంతా నా కాలు ఒకచోట నిలవలేదు.

పక్కవీధి టీచరమ్మ వచ్చే రోజని, అన్నయ్య నా మీది ప్రేమతోనే కంపుకొట్టే పాత అట్టలు పొయ్యిలో పడేసి, తెల్లటి కొత్తవాటి మీద ముత్యాల్లా రాసిపెట్టాడు. ఆమె ఒకటి చేతికిచ్చింది. అటూ ఇటూ తిప్పాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

“ఏమే, వాసన చూస్తాండావేందే? చదువు!” అన్నాడు నాయన.

“దీంట్లో ఏమీ లేదు నాయినా.”

“అంత లావు అక్షరాలుండాయి కదే! కండ్లు యాడ పెట్టుకున్నావు?” అని అన్నయ్య నవ్వాడు.

“మొదట్నుంచి నేర్పిస్తే వచ్చేస్తాదయ్యా, పంపు” అంది టీచరమ్మ.

నాయన వినలేదు. “సెరి, రేపట్నుంచి గంప ఎత్తుకో” అన్నాడు.

ఎత్తుకున్నాను. అక్షరాలు మనవరాలు పుట్టాకే నా చేతికొచ్చాయి. ఇంగ్లీషు మాటలు పెంచుకోవాలనుకునే పిల్లలకు మొహమాటం లేకుండా చెబుతున్నా: అట్ట చూసి అప్పజెప్పినంత మాత్రాన మాట మీది కాదు. కొత్తచోట, కొత్తరాతలో ఎదురైనా గుర్తుపట్టాలి. నలుగురిలో నోరు తెరిచి వాడాలి.

ఆ ఇళ్ళ వరస ఇప్పుడు లేదు. చేపలు ఎండబెట్టిన ఇసుక మీద లారీలు నిలబడుతున్నాయి. ఆ పొద్దున గదిలో ఉన్నవాళ్ళు: నాయన ఆరోగ్యం, అమ్మ మరియమ్మ, అన్నయ్య యేసురత్నం, టీచరమ్మ గ్రేసమ్మ, నేను సలోమి. అయిదు పేర్లూ నా చేత్తోనే రాశాను. సరిగ్గా రాశానో లేదో చూడ్డానికి ఆ నలుగురిలో ఒక్కరూ లేరు.