మా అత్త సేతి మింద మచ్చ, ఒక ఖూనీ నవల

రాస్తాండావా పాపా? నేను గబగబా సెప్తా, నువ్వు ఎనకబడొద్దు.

ఎమ్మిగనూర్లో నేను కోడలై పోయింది మగ్గాల ఇంటికి. మామ మగ్గం నేసేవాడు. మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే కండెలకు మా అత్త రాట్నం తిప్పి దారం సుట్టేది. ఆమెకు సదువు రాదు. నేను ఆదోని పోయినప్పుడల్లా ఒక ఖూనీ నవల అద్దెకు తెచ్చి, ఆమె పక్కన కూర్చోని గట్టిగా సదివేదాన్ని.

ఒక తూరి తెచ్చినదాంట్లో, ఒక పాప వాళ్ళ సిన్నాయన ఖూనీ సేస్తాంటే కండ్లారా సూస్తాది. "ఇంటి పరువు పోతాది, నోరెత్తొద్దు" అంటాది వాళ్ళమ్మ. ఆ పాప పెద్దదైనా, పెండ్లైనా సెప్పదు. "సెప్పు మే, సెప్పు!" అని మా అత్త పుస్తకాన్నే తిట్టేది. ఆ ఊపులో, సగం ఎర్ర దారముండే కండె మిందనే తెల్లది సుట్టేసింది. మామ సెవి కూడా కత మిందనే! సూసుకోకుండా నేసినాడు. తెల్ల పంచె నడుమ బారెడు ఎర్ర గీత.

"ఖూనీ ఈడ జరిగిందా?" అని పంచె సూపిచ్చినాడు. "ఇంగ ఈ ఇంట్లో నవల సదివితే సూడండి!"

"ఆ పాప సెప్తాదో లేదో తెలిసేదాకా నేను రాట్నం ముట్టను పో" అనింది అత్త. కండెల్లేక మగ్గం ఆగింది.

"ఉత్త కతకు ఇంత పంతమేంది అత్తా?" అన్న్యాను.

రవిక సెయ్యి పైకి లాగి, కాలిన మచ్చ సూపిచ్చింది. సిన్నప్పుడు పొయ్యిలో పడిందని మాకందరికీ తెలుసు.

"పడలేదు మే. బెల్లం తిన్న్యానని మా యన్న కొరివితో కాల్చినాడు. పడినానని సెప్పమనింది మా యమ్మ. అప్పటి నుంచీ పడతానే ఉండా."

ఆ యన్న ఊరు ఆస్పరి. సంతకొస్తే మా ఇంట్లోనే భోజనం.

మామ ఆ ఎర్ర గీత పంచె మడిచి పక్కన పెట్టినాడు. తర్వాత "మిగిలింది సదువు పాపా" అన్నాడు.

సదివినా. ఆ పాప సెప్పకుండానే సచ్చిపోయింది.

"థూ, రాసినోనికి బుద్ధి లేదు!" అనింది అత్త.

సంత నాడు అన్న వచ్చినాడు. సంగటి ముద్ద ముందర కూర్చోని, ఎప్పుడూ అనే ఎగతాళే అన్నాడు: "ఏం మే, పొయ్యిలో పడినదానా, నెయ్యి పొయ్యి."

"నేను పడలేదన్నా. నువ్వు కాల్చినావు."

ఆయన సెయ్యి ఆడనే ఆగిపోయింది. మామ దిక్కు సూసినాడు, నా దిక్కు సూసినాడు. "సిన్నప్పటి మాటలు ఇప్పుడెందుకమ్మా" అని గొణిగినాడు.

"కాల్చినావా, లేదా?"

"...కాల్చినా."

అప్పుడు పోసింది నెయ్యి. ఎప్పుడూ పోసేదాంట్లో సగమే.